ముప్పై మెట్ల కొలువు

ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన మావయ్యకూ, డిగ్రీ కాలేజీలో ఆసియా చరిత్ర చెప్పే మేనకోడలు శారదకూ ఇది పాత పేచీ. ప్రాచీన జపాన్ చక్రవర్తి కొలువులో మనిషి అంతస్తును ఒకవైపు, అతను చేసే పదవిని మరోవైపు పెట్టి, రెంటినీ విడివిడిగా ప్రసాదించేవారు. ఆ ఏర్పాటు దొడ్డ బుద్ధితో చేసిందా, దొరల కుటుంబాల కోసం చేసిందా అన్నదే తగువు.

మావయ్య: ఏ ఆఫీసులోనైనా గొడవంతా కుర్చీ దగ్గరే శారదా. కుర్చీ దిగితే మనిషికి విలువ ఉండదు, అందుకే ఎవడూ దిగడు. 701లో తైహో శాసనాలు రాసినవాళ్లు ఈ సంగతి గ్రహించారు. మనిషికి అంతస్తు ఇచ్చారు, పనికి పదవి ఇచ్చారు. పదవి గడువు తీరితే పోతుంది. అంతస్తు మాత్రం మనిషితోనే ఉంటుంది. పదవి లేని నాడు కూడా అతను కొలువులో ఎక్కడ నిలబడాలో, ఏ రంగు అంగీ వేసుకోవాలో అందరికీ తెలుసు. పరువు పోకుండా పదవి మార్చగలిగారు. ఇంతకంటే తెలివైన పని నాకు ఏ ప్రభుత్వంలోనూ కనపడలేదు.

శారద: విడదీశారని నేనూ ఒప్పుకుంటాను మావయ్యా. విడదీసి ఎవరికి మేలు చేశారన్నదే నా ప్రశ్న.

వాదన ముందుకు పోయే ముందు చదివేవాళ్లకు ఈ మెట్ల లెక్క తెలియాలి. 603లో సుయికో మహారాణి కాలంలో, షోతొకు యువరాజు హయాంలో, మొదట పన్నెండు మెట్లు పెట్టారు. సద్గుణం, దయ, మర్యాద, విశ్వాసం, ధర్మం, జ్ఞానం అనే పేర్లకు పెద్దా చిన్నా చేర్చి, ఒక్కో మెట్టుకు ఒక్కో రంగు టోపీ ఇచ్చారు. తైహో నాటికి అవి ముప్పై అయ్యాయి. మొదటి మూడు అంతస్తులకు జ్యేష్ఠం, కనిష్ఠం అని రెండేసి మెట్లు. నాలుగు నుంచి ఎనిమిది దాకా జ్యేష్ఠ కనిష్ఠాలు మళ్లీ ఎగువా దిగువా చీలి నాలుగేసి. అన్నిటికంటే కింద ప్రవేశ అంతస్తులో ఇంకో నాలుగు. అంగీ రంగులు కూడా శాసనంలోనే ఉన్నాయి. మొదటి అంతస్తుకు ముదురు ఊదా, రెండుకూ మూడుకూ లేత ఊదా, నాలుగూ ఐదూ ఎరుపు, ఆరూ ఏడూ ఆకుపచ్చ, ఆ కింద నీలం. ఐదుకూ ఆరుకూ మధ్య ఉన్నది గట్టి గోడ. ఐదో అంతస్తు, ఆపైనా ఉన్నవాళ్లే కులీనులు.

మావయ్య: పదవుల పట్టిక చూడు, ఎంత పద్ధతిగా ఉంటుందో. పైన రెండు మహా కార్యాలయాలు. దేవతల వ్యవహారాలకు జింగికన్, పరిపాలనకు దైజోకన్. దైజోకన్ కింద ఎనిమిది మంత్రిత్వ శాఖలు. ఉద్యోగుల నియామకాలూ మదింపూ చూసేది షికిబు, భూమీ పన్నులూ చూసేది మింబు, ఖజానా ఓకురా, ఇలా. ప్రతి ఆఫీసులోనూ నలుగురు బాధ్యులు. పైవాడు, అతని సహాయకుడు, తప్పులు చూసేవాడు, దస్తావేజు రాసేవాడు. ఏ పదవికి ఏ అంతస్తు సరిపోతుందో ముందే రాసి పెట్టారు. ఎడమ మంత్రికీ కుడి మంత్రికీ రెండోది, వాళ్ల కింది సలహాదారు దైనగోన్‌కు జ్యేష్ఠ మూడోది, పెద్ద రాష్ట్రానికి పాలకుడైతే కనిష్ఠ ఐదు ఎగువ. అంతస్తు ఎక్కువై పదవి తక్కువైనా, అంతస్తు తక్కువై పదవి ఎక్కువైనా, ఆ తేడాను సంతకంలో ఒక అక్షరంతో చూపించాలి. తన పదవి తన అంతస్తుకు సరితూగుతోందో లేదో మనిషి తన చేత్తో తానే రాసుకునేవాడన్నమాట. ఈ నిజాయితీ ఎక్కడుంది చెప్పు?

శారద: దేవతల ఆఫీసు పట్టికలో మొదట ఉంటుంది, నిజమే. దాని అధిపతికి ఇచ్చింది మాత్రం కనిష్ఠ నాలుగు దిగువ. మంత్రులకు ఎంతో కింద. ఆ పట్టికలో వరుస ఒకటి, బరువు మరొకటి. సరే, అది చిన్న సంగతి. మీరు ముందు మదింపు గురించి చెప్పండి, మీకు అదంటే ఇష్టం కదా.

మావయ్య: ఇష్టమే మరి. రోజూ వచ్చే ఉద్యోగి ఏడాదికి 240 రోజులు పనిచేయాలి. వంతులవారీగా వచ్చేవాడికి 140. ఏటేటా పై అధికారి రోజూ వచ్చేవాడికి తొమ్మిది తరగతుల్లో ఒకటి వేస్తాడు. అలా కొన్నేళ్లవి కలిపి చూసి అంతస్తు పెంచుతారు. నారాలో పాత రాజభవనం చోట తవ్వితే వేలకొద్దీ చెక్కపట్టీలు దొరికాయి. మనిషి పేరు, అంతస్తు, వయసు, ఊరు, ఎన్ని రోజులు పనిచేశాడు అన్నీ వాటిమీద ఉన్నాయి. దారంతో గుచ్చి వరుసగా పెట్టుకోవడానికి పక్కన చిల్లు. మరుసటి ఏడు రాత చెక్కేసి అదే పట్టీ మీద మళ్లీ రాసేవారు. ఇది సర్వీసు రిజిస్టరు కాక మరేమిటి? పన్నెండు వందల ఏళ్ల కిందట ఒక ప్రభుత్వం తన గుమాస్తా హాజరు లెక్కపెట్టింది. షోసోయిన్ భాండాగారంలో బౌద్ధ సూత్రాలు నకలు రాసే లేఖకుల సెలవు అర్జీలు ఇవాళ్టికీ ఉన్నాయి. కడుపు నొప్పి అని ఒకడు, బట్టలు ఉతుక్కోవాలని ఇంకొకడు. వాటి గురించి చదివినప్పుడు నాకు గొంతు పట్టుకుంది.

శారద: నాకూ పట్టుకుంటుంది. అయితే ఆ 240 రోజులు ఎవరికి మావయ్యా? నీలం అంగీ వాళ్లకు. ఊదా అంగీ వాడి కొడుకు ఆ చెక్కపట్టీ దాకా దిగాల్సిన పనే లేదు. అతనికి 'నీడ అంతస్తు' ఉంది. తండ్రి నీడలో దొరికేది. మొదటి అంతస్తు వాడి పెద్ద కొడుక్కి 21 ఏళ్లు రాగానే కనిష్ఠ ఐదు దిగువ ఇచ్చేస్తారు. అంటే గోడ దాటించి లోపల దింపుతారు. ఇప్పుడు రెండోవైపు చూడండి. రాజధానిలో విద్యాలయం ఉంది. అక్కడ అన్నిటికంటే కష్టమైన పరీక్ష రాసి, అన్నిటికంటే గొప్ప శ్రేణిలో గెలిచినవాడికి ఏమిచ్చేవారు? జ్యేష్ఠ ఎనిమిది ఎగువ. ఇద్దరి మధ్యా తొమ్మిది మెట్లు. ఒకడు జీవితమంతా హాజరు లెక్కతో ఎక్కాల్సిన తొమ్మిది మెట్లు ఇంకొకడు పుట్టుకతో ఎక్కేశాడు.

మావయ్య: ఆ కాలంలో పుట్టుక చూడని దేశం ఏది? ఈ శాసనాలకు నమూనా అయిన తాంగ్ చైనాలోనూ తండ్రి నీడ ఉండేది.

శారద: ఉండేది. నా అభ్యంతరమంతా అక్కడే మొదలవుతుంది. చైనాలో మొదటి శ్రేణి అధికారి కొడుకు ఏడో శ్రేణిలో మొదలయ్యేవాడు. జపాన్ వాళ్లు ఆ శాసనాన్ని తెచ్చుకుని ఏడును ఐదు చేశారు. నకలు చేసినప్పుడు ఎక్కడ దిద్దారో చూస్తే రాసినవాళ్ల మనసు తెలుస్తుంది. తక్కిన చాలా చోట్ల తాంగ్ నమూనాను అంత శ్రద్ధగా అనుసరించినవాళ్లు తమ కొడుకుల దగ్గరికొచ్చేసరికి సొంత తెలివి చూపించారు.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఇది ఆయనకు తెలియని సంగతి కాదు. ఖజానాలో పనిచేసిన మనిషి కాబట్టి అంకెను అంకెగా గౌరవిస్తాడు.

మావయ్య: దారి మూసేశారని మాత్రం అనకు. కిబి నో మకిబి ఉన్నాడు కదా. దూరపు రాష్ట్రంలో చిన్న అధికారి కుటుంబం. 717లో తాంగ్ చైనాకు వెళ్లిన రాయబార బృందంతో వెళ్లి, పద్దెనిమిదేళ్లు చదువుకుని 735లో తిరిగొచ్చాడు. 766లో కుడి మంత్రి అయ్యాడు. తర్వాత సుగవర నో మిచిజనే. పండితుల ఇల్లు. 899లో కుడి మంత్రి.

శారద: రెండు వందల ఏళ్లలో ఆ చదువుల దారిన అంత పైకి వెళ్లినవాళ్లంటే ఆ ఇద్దరి పేర్లే చెప్పాలి. మిచిజనేను ఏం చేశారో కూడా చెప్పుకుందాం, కానీ ముందు భూమి సంగతి. మామూలు పురుషుడికి ప్రభుత్వం ఇచ్చిన సాగుభూమి రెండు తన్‌లు. పది తన్‌లు ఒక చో. జ్యేష్ఠ మొదటి అంతస్తుకు అంతస్తు పొలంగా ఇచ్చింది 80 చో. నాలుగు వందల మంది పురుషుల వాటా అది. కనిష్ఠ ఐదుకు ఎనిమిది చో, అంటే నలభై మంది వాటా. ఆరో అంతస్తుకు అంతస్తు పొలమే లేదు. మీరు చెప్పే ఈ పరువు గాలిలో నిలబడలేదు, నాట్లు వేసేవాళ్ల వీపు మీద నిలబడింది. నేరం చేస్తే శిక్షకు బదులు అంతస్తు వదులుకోవచ్చు కూడా. రైతు వదులుకోవడానికి ఏముంది?

మావయ్య: రైతుకు అర్జీ ఉంది. 988లో ఓవారి రాష్ట్రంలో జిల్లా అధికారులూ రైతులూ కలిసి పాలకుడు ఫుజివర నో మొతొనగ మీద 31 అంశాలతో కొలువుకు అర్జీ పెట్టారు. మరుసటి ఏడు అతన్ని తీసేశారు. పదవి వేరు, అంతస్తు వేరు కాబట్టే తీయడం సులువైంది. కొత్త పాలకుడు పాతవాడి దగ్గర చార్జి తీసుకునేటప్పుడు గోదాముల్లో బియ్యం లెక్క సరిపోయిందని పత్రం రాసివ్వాలి. ఆ పత్రం లేకపోతే పాతవాడికి విముక్తి లేదు. ఆ పత్రాలు తనిఖీ చేయడానికే ప్రత్యేకంగా ఒక ఆఫీసు పెట్టారు. చార్జి అప్పగింత గొడవలు చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఇది మామూలు పట్టు కాదు.

శారద: ఆ అర్జీ ఎందుకు పుట్టిందో కూడా చెప్పండి. పదో శతాబ్దం నాటికి పాలకుడు రాజధానికి పంపాల్సింది పంపితే చాలు, మిగిలింది అతనిది. బంధువులనూ అనుచరులనూ వెంటేసుకుని వెళ్లి ఊళ్లను పిండుకునేవారు. ఐదో అంతస్తులో ఇరుక్కుపోయిన మధ్యతరగతి కులీనులకు రాష్ట్ర పాలకత్వం ఒక్కటే ధనం వచ్చే దారి. అందుకే ప్రతి వసంతంలోనూ నియామకాల సభ ముందు తల నెరిసిన పెద్దమనుషులు అంతఃపుర స్త్రీల గదుల చుట్టూ సిఫారసు కోసం తిరిగేవారు. అంతఃపుర రచయిత్రి సెయ్ షోనగోన్ ఇదంతా తన తలగడ పుస్తకంలో రాసింది. పదవి వస్తుందని ఇంటినిండా చేరిన పాత నౌకర్లు, రాలేదని తెలిశాక ఒక్కొక్కరే జారుకోవడం కూడా అందులోనే ఉంది.

మావయ్య: అదే కాలంలో ఇంకో సంఘటన జరిగింది. 996లో ఫుజివర నో తమెతొకికి అవాజి ఇచ్చారు. రాష్ట్రాల్లో అట్టడుగు శ్రేణి. పదేళ్లు పదవి లేకుండా ఉన్న పండితుడు. చీనా భాషలో ఒక పద్యం రాసి చక్రవర్తికి పంపితే, అది చూసి ఇచిజో చక్రవర్తి తల్లడిల్లాడని కథ. మూడు రోజుల్లో అవాజి మార్చి ఎచిజెన్ ఇచ్చారు. పెద్ద శ్రేణి రాష్ట్రం. చదువుకు విలువ ఉందా లేదా?

శారద: మూడు రోజుల ముందు ఎచిజెన్ ఇచ్చింది మినమొతొ నో కునిమొరికి. అతను ఏ తప్పు చేశాడని వెనక్కి తీసుకున్నారు? పద్యానికి చక్రవర్తి కరిగితే కరగనివ్వండి, నియమం అనేది ఎక్కడికి పోయింది? ఆ తమెతొకి కూతురే మురసకి షికిబు. ఆమె అసలు పేరు మనకు నిశ్చయంగా తెలియదు. తండ్రి షికిబు శాఖలో పనిచేశాడు కాబట్టి షికిబు. సెయ్ షోనగోన్‌లో షోనగోన్ కూడా ఒక పదవి పేరే, ఆమె చేసింది కాదు. జపాన్ సాహిత్యంలో అందరికంటే గొప్ప ఇద్దరు స్త్రీలు చరిత్రలో మగవాళ్ల పదవుల పేర్లతో నిలబడ్డారు. అంతఃపురంలో స్త్రీలకూ ఆఫీసులున్నాయి, అంతస్తులున్నాయి, వాళ్లు నిజంగా పనిచేశారు. అయినా పేరు మిగలలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

మావయ్య: ఆ మురసకే గెంజి కథలో ఏం రాసింది? గెంజి తలుచుకుంటే కొడుకు యూగిరిని నేరుగా పై అంతస్తులో పెట్టగలడు. పెట్టలేదు. ఆరో అంతస్తులో నిలబెట్టి విద్యాలయానికి పంపాడు. చదువు పునాది లేని పదవి నిలవదని ఆ తండ్రి నమ్మాడు. నీడ అంతస్తు తప్పని ఆ కొలువులోని మనిషికే తెలుసు.

శారద: పంపితే ఏమైంది? లేత ఆకుపచ్చ అంగీ చూసి అతను ప్రేమించిన పిల్ల దాదే ఆరో అంతస్తువాడని ఈసడించింది. గెంజి చేసింది వింతగా కనిపించడమే చాలు, మిగతా తండ్రులు ఏం చేసేవారో తెలియడానికి.

ఇక్కడ నా మాట ఒకటి. శారద చెప్పిన అంకెలకు జవాబు లేదని నాకు అనిపిస్తుంది. ఏడును ఐదు చేసిన ఆ దిద్దుబాటు ఒక్కటే చాలు. అయినా తరువాతి భాగంలో మావయ్య పట్టుకున్న సంగతి బరువైనదే, దాన్ని తేలిగ్గా తీసేయలేం.

మావయ్య: మిచిజనే సంగతికి వద్దాం. 901లో ఫుజివర తొకిహిర వర్గం అతని మీద నేరం మోపింది. చక్రవర్తిని దింపే కుట్ర అన్నారు. ఇంకే దేశంలోనైనా తల పోయేది. ఇక్కడ ఏం చేశారు? రాజధానికి దూరంగా ఉన్న దజైఫు కార్యాలయానికి అదనపు అధిపతిగా నియమించారు. శిక్షను బదిలీ ఉత్తర్వుగా రాశారు. జీతం లేదు, పని లేదు, కానీ కాగితం మీద పదవి ఉంది. 903లో అక్కడే చనిపోయాడు. తర్వాత రాజధానిలో చావులు, 930లో రాజభవనం మీద పిడుగు. అతని ఆత్మ కోపించిందని భయపడ్డారు. 923లోనే కుడి మంత్రి పదవి తిరిగిచ్చారు. 993లో జ్యేష్ఠ మొదటి అంతస్తూ, అన్నిటికంటే పైదైన దైజో దైజిన్ పదవీ ఇచ్చారు. చనిపోయిన తొంభై ఏళ్లకు! తప్పు చేశామని ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఒక భాష ఉంది వాళ్లకు. దేవుళ్లకు కూడా అంతస్తులిచ్చారు. 749లో హచిమన్ దేవుడికి రాకుమారుల వరుసలో మొదటి శ్రేణి ఇచ్చారు. ఇనారి గుళ్ల దగ్గర జెండాల మీద ఇవాళ్టికీ జ్యేష్ఠ మొదటి అంతస్తు అని రాసి ఉంటుంది. మన దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిసేనుడు 752లో నారా మహాబుద్ధుడికి కళ్లు తెరిచాడే, అంతకు ముందు ఏడే అతన్ని ప్రభుత్వ సన్యాస అధికారుల్లో పెద్ద పదవిలో నియమించారు. చచ్చినవాడు, దేవుడు, పరదేశి, అందరికీ చోటు దొరికింది. 810లో ఫుజివర నో నకనరిని చంపాక 1156 దాకా కొలువులో మరణశిక్ష అమలు కాలేదంటారు. దాదాపు మూడున్నర శతాబ్దాలు. చంపకుండా తగ్గించే దారి ఉంది కాబట్టే చంపలేదు.

శారద: చంపకపోవడానికి బౌద్ధం ఒక కారణం. మీరే చెప్పిన ఆత్మల భయం ఇంకో కారణం. రాజధాని దాటితే రాష్ట్రాల్లో రక్తం బాగానే పారింది. అయినా మీ మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. బదిలీగా రాసిన శిక్ష అనేది మామూలు కల్పన కాదు. మిచిజనేకు మాత్రం అది ఏ మేలూ చేయలేదు. కూడు లేక, రోగంతో, పాత ఇంట్లో పోయాడు. తొంభై ఏళ్ల తర్వాతి ప్రమోషన్ భయపడ్డవాళ్ల కోసం.

మావయ్య: వినకుండా ముందుకు పోకు. పట్టుదల చూడు. సైనిక నాయకుడు కియొమొరి 1167లో దైజో దైజిన్ అయ్యాడు. తగినవాడు లేకపోతే ఖాళీగా ఉంచాలని శాసనం చెప్పిన పదవి అది. మూడు నెలల్లో వదిలేశాడు, అయినా అది కావాలనుకున్నాడు. 1185లో తన అనుమతి లేకుండా కొలువు పదవులు తీసుకున్న ఇరవైమందికి పైగా సైనికులను వాళ్ల నాయకుడు యొరితొమొ పేరుపేరునా తిట్టాడు. తమ్ముడు యొషిత్సునెతో చెడడానికి అదీ ఒక కారణం. కత్తి చేతిలో ఉన్నవాడికి ఆ కాగితం అంటే అంత భయం ఎందుకు? సేనాని హిదెయొషి దేశమంతా జయించబోతూ 1585లో కొనొఎ అనే కులీనుల ఇంటికి దత్తపుత్రుడై మరీ, చక్రవర్తి తరఫున పాలించే కంపకు పదవి తీసుకున్నాడు.

శారద: కంపకు పదవి అసలు తైహో శాసనాల్లో లేదు. ఫుజివర వాళ్లు తమకోసం పెట్టుకున్నది. ఆ కాగితాన్ని ఎవరు ఎలా వాడుకున్నారో చూడాలంటే తొకుగవ సైనిక పాలకుల కాలానికి రండి. 1615లో కొలువు వారికి రాసిన నియమాల్లో, సైనికుల పదవులు కొలువు ఉద్యోగుల లెక్కలోకి రావని తేల్చేశారు. అంటే ఎంతమందికైనా ఇవ్వచ్చు, పని ఎవరూ చేయక్కర్లేదు. ఎచిజెన్‌తో ఏ సంబంధమూ లేని ఓఓక అనే అధికారి ఎదో నగరంలో మేజిస్ట్రేటుగా ఉంటూ ఎచిజెన్ పాలకుడని పిలిపించుకున్నాడు. ఇంకా ముందుకు చూడండి. 1701లో, తైహో శాసనాలకు సరిగ్గా వెయ్యేళ్లకు, క్యోటో నుంచి వచ్చిన చక్రవర్తి దూతలకు ఎదో కోటలో మర్యాదలు చేస్తుంటే, అసానో అనే ప్రభువు కిరా అనే అధికారి మీద కత్తి దూశాడు. ఆ రోజే అసానో చేత ఆత్మహత్య చేయించారు. ప్రభువు పోయిన నలభై ఏడుగురు రోనిన్ల కథ దానినుంచి పుట్టిందే. కాగితం మీద అసానో రాజభవన శిల్పకార్యాల ఆఫీసుకు అధిపతి. కిరా కోజుకె రాష్ట్రానికి ఉపపాలకుడు. ఉప అని ఎందుకంటే, 826లో కోజుకెతో సహా మూడు రాష్ట్రాల పాలకత్వం రాకుమారులకే అన్నారు, అప్పటినుంచి తక్కినవాళ్లకు దొరికేది ఉపమే. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ నియమం పాటించారు! ఇద్దరిలో ఒక్కరూ ఆ పని చేయలేదు. ఆ ఆఫీసులు పనిచేయడం మానేసి శతాబ్దాలైంది.

మావయ్య: పని పోయినా పేరు నిలిచింది. దాన్నే నేను బలం అంటున్నాను.

శారద: నేను అడిగేది ఆ పని ఎక్కడికి పోయిందని. పన్ను వసూలు, నేర విచారణ, పొలాల సర్వే, అన్నీ సైనిక ప్రభుత్వం చేతికి పోయాయి. పాతవాళ్ల పరువుకు భంగం లేదు కాబట్టి పాత ఆఫీసులను రద్దు చేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 810లో చక్రవర్తి ఆంతరంగిక కార్యాలయం కురోదొదొకొరో, తర్వాత రాజధాని పోలీసు కెబీషి, ఆ తర్వాత చక్రవర్తి తరఫున పాలించే సెష్షో, కంపకు, ఇలా ప్రతి కొత్త అధికారాన్నీ పాతదాని పక్కన పెడుతూ పోయారు. ఎవరి చేతిలో అధికారం ఉందో పదవి పేరు చూసి చెప్పలేని స్థితి వచ్చింది. కొలువును ఏలిన ఫుజివర నో మిచినగ దినచర్యను మిదో కంపకు దినచర్య అంటారు. అతను ఏనాడూ కంపకు కాలేదు.

మావయ్య: దైజోకన్‌ను 1869లో మళ్లీ నిలబెట్టారు, 1885లో కేబినెట్ వచ్చాక తీసేశారు. అంతస్తులు మాత్రం తీయలేదు. 2022లో షింజో ఆబే హత్య జరిగాక కేబినెట్ నిర్ణయంతో కనిష్ఠ మొదటి అంతస్తు ఇచ్చారు. తైహో నాటి మెట్టే అది. పదవి పోయినా అంతస్తు ఉంటుందని నేను మొదట అన్న మాటకు ఇంతకంటే రుజువేం కావాలి?

శారద: ఒప్పుకుంటాను, మెట్టు అదే. కానీ దాని వెనక 80 చో పొలం లేదు. కొడుక్కి నీడ లేదు. శిక్ష తప్పించుకునే హక్కు లేదు. 1946 తర్వాత బతికున్నవాళ్లకు ఇవ్వడమే లేదు. మీరు మెచ్చుకునే అంతస్తు, నేను తిట్టే అంతస్తు ఒకటి కావు మావయ్యా. నేను తిట్టేది ఓవారి రైతులు 31 అంశాలు రాసిననాటి అంతస్తును. దాని గురించి మాట్లాడాలంటే ఆ అర్జీ ఒక్కొక్క అంశం తీసి చూడాలి. రెండో అంశం నుంచి మొదలుపెడదామా, మొదటి నుంచా?

మావయ్య: మొదటి నుంచే. లెక్కలు నేను చూస్తాను.